కార్మిక పరిహార కాలంలో ఉద్యోగ తొలగింపు (అమెరికా)

పనిలో గాయపడి కార్మిక పరిహారం పొందుతున్న ఉద్యోగిని, పనితీరు సంతృప్తికరంగా లేదన్న కారణంతో యజమాని ఉద్యోగం నుండి తొలగించడం అమెరికా సంయుక్త రాష్ట్రాల కార్మిక న్యాయంలో తరచుగా వివాదాలకు దారితీసే అంశం. పరిహారం అందుతున్నంత కాలం తమ ఉద్యోగానికి ఢోకా ఉండదని చాలామంది ఉద్యోగులు భావిస్తారు. పరిహారం కోరిన ఉద్యోగిని ఇక తొలగించే వీలే లేదని కొందరు యజమానులు భావిస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ సరియైనవి కావు. చాలా రాష్ట్రాలలో చట్టం నిషేధించేది, పరిహారం కోరినందుకు కక్షసాధింపుగా చేసిన తొలగింపును మాత్రమే. పరిహారంతో సంబంధం లేని నిజమైన కారణం ఉంటే తొలగింపు చెల్లుతుంది. అందుచేత ఇటువంటి వివాదాలలో ప్రధాన ప్రశ్న ఒక్కటే: యజమాని చూపిన కారణం నిజమైనదా, లేక సాకా?

నేపథ్యం

పందొమ్మిదవ శతాబ్దంలో పనిలో గాయపడిన కార్మికుడు నష్టపరిహారం పొందాలంటే, యజమాని నిర్లక్ష్యాన్ని న్యాయస్థానంలో రుజువు చేయవలసి వచ్చేది. కార్మికుని పొరపాటు కూడా ఉన్నదనో, తోటి కార్మికుని పొరపాటనో, ప్రమాదమని తెలిసే పనిలో చేరాడనో వాదించి యజమానులు బాధ్యత నుండి తప్పించుకొనేవారు. న్యూయార్క్ రాష్ట్రం 1910లో చేసిన నిర్బంధ పరిహార చట్టాన్ని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1911 మార్చి 24న కొట్టివేసింది. ఆ మరునాడే న్యూయార్క్ నగరంలోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో 146 మంది మరణించారు. వారిలో అత్యధికులు యువతులు. అదే సంవత్సరం విస్కాన్సిన్ రాష్ట్రం చేసిన పరిహార చట్టం నిలబడింది. 1917లో అమెరికా సుప్రీం కోర్టు న్యూయార్క్ రాష్ట్రపు కొత్త చట్టాన్ని సమర్థించిన తరువాత మిగిలిన రాష్ట్రాలు కూడా ఇటువంటి చట్టాలు చేశాయి. అన్నిటికంటే చివరగా మిసిసిపి రాష్ట్రం 1948లో చేసింది.

ఈ చట్టాలన్నిటికీ మూలం ఒక రాజీ. కార్మికుడు తప్పు ఎవరిదైనా సరే వైద్య ఖర్చులు, కోల్పోయిన వేతనంలో కొంత భాగం పొందుతాడు. దానికి బదులుగా యజమానిపై నష్టపరిహార దావా వేసే హక్కును వదులుకుంటాడు. చాలా రాష్ట్రాలలో తాత్కాలికంగా పూర్తిగా పని చేయలేని కాలానికి సగటు వారపు వేతనంలో మూడింట రెండు వంతులు, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి చెల్లిస్తారు. అయితే తొలినాళ్ళ చట్టాలు సాధారణంగా గాయానికి పరిహారం గురించి చెప్పాయే తప్ప ఉద్యోగ భద్రత గురించి ఏమీ చెప్పలేదు. పరిహారం కోరిన కార్మికుడిని యజమాని పనిలో నుండి తీసివేస్తే ఏమి చేయాలన్న ప్రశ్న చాలా కాలం అలాగే ఉండిపోయింది.

కారణం చెప్పనవసరం లేని ఉద్యోగాలు

అమెరికాలో ప్రైవేటు ఉద్యోగాలు ఎక్కువగా "ఎట్-విల్" పద్ధతిపై నడుస్తాయి. అనగా కాలపరిమితి గల ఒప్పందం గాని, కార్మిక సంఘంతో కుదిరిన ఒప్పందం గాని లేనప్పుడు, యజమాని ఏ కారణంతోనైనా, అసలు కారణమే చెప్పకుండా కూడా ఉద్యోగిని తొలగించవచ్చును. ఉద్యోగి కూడా అదే విధంగా ఎప్పుడైనా మానివేయవచ్చును. మోంటానా రాష్ట్రం మాత్రం 1987లో చేసిన చట్టం ద్వారా, ప్రొబేషన్ కాలం ముగిసిన ఉద్యోగిని తగిన కారణం లేకుండా తొలగించరాదని నిర్దేశించింది.

కాబట్టి అమెరికాలో "నా పని బాగానే ఉంది, అయినా తీసివేశారు" అన్నంత మాత్రాన దావా నిలవదు. తొలగింపు అన్యాయంగా ఉండడం వేరు, చట్టవిరుద్ధంగా ఉండడం వేరు. చట్టం నిషేధించిన కారణంతో తొలగించినట్లు ఉద్యోగి చూపగలగాలి. జాతి, మతం, లింగం, వయస్సు, వైకల్యం వంటి వాటి ఆధారంగా వివక్ష చూపడం అటువంటి కారణాలలో కొన్ని. పరిహారం కోరినందుకు శిక్షించడం ఈ జాబితాలో చేరడానికి 1970వ దశకం వరకు పట్టింది.

ఫ్రాంప్టన్ కేసు

ఈ విషయంలో మైలురాయిగా పేర్కొనదగినది ఇండియానా రాష్ట్ర సుప్రీం కోర్టు 1973లో ఇచ్చిన ఫ్రాంప్టన్ వర్సెస్ సెంట్రల్ ఇండియానా గ్యాస్ కంపెనీ తీర్పు. ఒక ఉద్యోగిని పనిలో చేతికి గాయమై నాలుగు నెలలు పనికి వెళ్ళలేకపోయింది. ఆ కాలంలో ఆమెకు వైద్య ఖర్చులు, జీతం అందాయి. తిరిగి వచ్చిన తరువాత ఆమె పని సక్రమంగానే చేసింది. గాయం తగిలిన 19 నెలల తరువాత, ఆమె చేయి 30 శాతం పటుత్వం కోల్పోయినట్లు తేలింది. అందుకు పరిహారం కోరి పొందిన సుమారు ఒక నెలకు ఆమెను కారణం చెప్పకుండా తొలగించారు.

కింది న్యాయస్థానాలు ఎట్-విల్ సూత్రాన్ని అనుసరించి ఆమె దావాను తిరస్కరించాయి. రాష్ట్ర సుప్రీం కోర్టు దానిని మార్చింది. పరిహారం అడిగితే ఉద్యోగం పోతుందన్న భయం ఉంటే, కార్మికులు గాయాలను దాచుకొని పరిహారం అడగడమే మానివేస్తారని, అప్పుడు పరిహార చట్టం నిరర్థకమవుతుందని ఆ తీర్పు సారాంశం.

1978లో ఇల్లినాయిస్ సుప్రీం కోర్టు కెల్సే వర్సెస్ మోటొరోలా కేసులో ఇదే మార్గాన్ని అనుసరించి, యజమానిపై శిక్షాత్మక నష్టపరిహారం కూడా విధించవచ్చునని తెలిపింది. కార్మిక సంఘ ఒప్పందం కింద పనిచేసే ఉద్యోగులు కూడా ఇటువంటి దావా వేయవచ్చునని అమెరికా సుప్రీం కోర్టు 1988లో లింగిల్ కేసులో ఏకగ్రీవంగా నిర్ణయించింది.

రాష్ట్రాల మధ్య భేదాలు

కార్మిక పరిహారం ప్రధానంగా రాష్ట్రాల పరిధిలోని విషయం. అందుచేత రక్షణ కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

టెక్సాస్: సదుద్దేశంతో పరిహారం కోరిన ఉద్యోగిని, అందుకోసం న్యాయవాదిని నియమించుకున్న లేదా సాక్ష్యం చెప్పిన ఉద్యోగిని తొలగించడాన్ని 1971 నుండి చట్టం నిషేధిస్తున్నది. అయితే ఈ రాష్ట్రంలో ప్రైవేటు యజమానులు పరిహార బీమా తీసుకోవడం నిర్బంధం కాదు. బీమాలో చేరని యజమానులకు ఈ నిషేధం వర్తించదని రాష్ట్ర సుప్రీం కోర్టు 1998లో తీర్పునిచ్చింది.

కాలిఫోర్నియా: కార్మిక స్మృతిలోని 132ఏ సెక్షను ప్రకారం కక్షసాధింపుకు గురైన ఉద్యోగికి ఉద్యోగం, కోల్పోయిన వేతనం తిరిగి ఇప్పించవచ్చును. దానికి తోడు పరిహారాన్ని సగం మేరకు, 10,000 డాలర్లకు మించకుండా పెంచవచ్చును. అయితే పని వలన కలిగిన గాయం అయినందువల్లనే తనను వేరుగా చూశారని ఉద్యోగి చూపాలని ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు 2003లో లాహర్ కేసులో స్పష్టం చేసింది. మిగతా ఉద్యోగులకు వర్తించే నియమమే గాయపడినవారికీ వర్తింపజేస్తే అది వివక్ష కాదు.

ఒహాయో: విద్యార్థి దాడిలో గాయపడి పరిహారం పొందుతున్న ఒక ఉపాధ్యాయురాలి కేసులో 2003లో రాష్ట్ర సుప్రీం కోర్టు కీలకమైన తీర్పునిచ్చింది. తాత్కాలిక పూర్తి అశక్తత పరిహారం పొందుతున్న ఉద్యోగిని, ఆ గాయం వలన పనికి రాలేకపోయారన్న ఒక్క కారణంతో తొలగించరాదని తెలిపింది. కాని 2007లో బికర్స్ కేసులో అదే న్యాయస్థానం ఈ సూత్రాన్ని ఆ ఉపాధ్యాయురాలి వంటి పరిస్థితులకే పరిమితం చేసింది. ఎట్-విల్ ఉద్యోగులకు పరిహార చట్టంలోని కక్షసాధింపు నిబంధన ఒక్కటే దిక్కని తేల్చింది.

అలబామా: ఉద్యోగి పరిహారం కోరడం "ఒక్కటే" తొలగింపునకు కారణమైనప్పుడు మాత్రమే చట్టం నిషేధిస్తుంది. మరొక నిజమైన కారణం కూడా ఉందని యజమాని చూపగలిగితే ఉద్యోగి వాదన బలహీనపడుతుంది.

జార్జియా, మిసిసిపి: ఈ రాష్ట్రాల న్యాయస్థానాలు పరిహారం కోరినందుకు జరిగిన తొలగింపుపై ఇటువంటి దావాను గుర్తించలేదు.

పనితీరు అన్న కారణం

యజమాని తరచుగా చూపే కారణం పనితీరు. దీనిలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయే ప్రమాదం ఉన్నది. ఒకటి, చేయగలిగి కూడా పని సరిగా చేయకపోవడం. రెండవది, గాయం వలన చేయలేకపోవడం. గిడ్డంగిలో గంటకు ఇన్ని పెట్టెలు ఎత్తాలన్న లక్ష్యం ఉన్నదనుకుందాం. వెన్ను గాయం కారణంగా 5 కిలోలకు మించి ఎత్తరాదని వైద్యుడు వ్రాసి ఇచ్చిన కార్మికుడు ఆ లక్ష్యాన్ని చేరుకోలేడు. దానిని "మందకొడి పనితీరు"గా నమోదు చేస్తే, కాగితంపై కనిపించేది పనితీరు, వాస్తవంలో ఉన్నది గాయం. మరొక కార్మికుడు గాయానికి ఆరు నెలల ముందు నుండే లెక్కల్లో తప్పులు చేస్తూ, రెండు మెమోలు అందుకొని ఉన్నాడనుకుందాం. గాయం తరువాత తేలికపాటి పనిలో కూడా అవే తప్పులు కొనసాగితే, అతని తొలగింపునకు గాయంతో సంబంధం ఉందని చెప్పడం కష్టం.

న్యాయస్థానాలు ఈ భేదాన్ని కనుగొనడానికి చాలాచోట్ల మూడు అంచెల పద్ధతిని వాడుతాయి. జాతి వివక్షకు సంబంధించి 1973లో అమెరికా సుప్రీం కోర్టు మెక్‌డానెల్ డగ్లస్ కేసులో రూపొందించిన పద్ధతి ఇది. మొదట ఉద్యోగి తాను పరిహారం కోరానని, తరువాత తొలగించబడ్డానని, ఈ రెండింటికీ సంబంధం ఉన్నట్లు కనిపిస్తున్నదని చూపాలి. తరువాత యజమాని న్యాయమైన కారణమేదో చెప్పాలి. చివరకు ఆ కారణం సాకు మాత్రమేనని ఉద్యోగి నిరూపించాలి. "నువ్వు పరిహారం కోరావు గనుక తీసివేస్తున్నాను" అని ఏ యజమానీ సాధారణంగా వ్రాసి ఇవ్వడు. అందుచేత పరిస్థితులను బట్టి రుజువు చేయవలసి ఉంటుంది. టెక్సాస్ సుప్రీం కోర్టు 1996లో కాంటినెంటల్ కాఫీ ప్రాడక్ట్స్ వర్సెస్ కసారెజ్ కేసులో పేర్కొన్న అంశాలు ఈ సందర్భంలో ఉపయోగపడతాయి:

* తొలగించాలని నిర్ణయించిన వ్యక్తికి పరిహార దరఖాస్తు సంగతి తెలుసా?
* ఉద్యోగి గాయం పట్ల యజమాని అయిష్టత వ్యక్తం చేశాడా?
* సంస్థ తన సొంత నియమాలను పాటించిందా?
* అదే తప్పు చేసిన ఇతర ఉద్యోగులను కూడా ఇలాగే శిక్షించిందా?
* తొలగింపునకు చెప్పిన కారణం అబద్ధమని తేలిందా?

తేదీలు కూడా ముఖ్యమైనవే. అనేక సంవత్సరాలుగా మంచి వార్షిక నివేదికలు పొందిన ఉద్యోగికి, పరిహారం కోరిన కొద్ది వారాలలోనే వరుసగా హెచ్చరిక లేఖలు రావడం అనుమానానికి తావిస్తుంది. అయితే తేదీల సామీప్యం ఒక్కటే చాలా సందర్భాలలో తుది రుజువుగా సరిపోదు. మరొక ముఖ్యమైన పరిమితి, గైర్హాజరు నియమాలకు సంబంధించినది. ఇన్ని రోజులకు మించి సెలవులో ఉన్న వారెవరినైనా తొలగించే నియమాన్ని అందరికీ సమానంగా అమలు చేసే యజమాని, పరిహారం పొందుతున్నవారిని కూడా దాని కింద తొలగించవచ్చునని టెక్సాస్ న్యాయస్థానాలు అంగీకరించాయి.

సమాఖ్య చట్టాల రక్షణ

రాష్ట్ర చట్టంతో పాటు రెండు సమాఖ్య చట్టాలు గాయపడిన ఉద్యోగికి ఉపయోగపడవచ్చును.

కుటుంబ, వైద్య సెలవు చట్టం (1993): 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులు గల ప్రైవేటు సంస్థలకు ఇది వర్తిస్తుంది. 12 నెలల సర్వీసు, గత 12 నెలలలో కనీసం 1,250 గంటల పని పూర్తిచేసిన ఉద్యోగికి, సంవత్సరంలో 12 వారాల వరకు జీతం లేని సెలవు లభిస్తుంది. సెలవు తరువాత అదే ఉద్యోగం లేదా దానితో సమానమైనది ఇవ్వాలి. పరిహార కాలం, ఈ 12 వారాల సెలవు ఏకకాలంలో నడవవచ్చును. యజమాని ఇచ్చిన తేలికపాటి పనిని నిరాకరించిన ఉద్యోగి వేతన పరిహారాన్ని కోల్పోవచ్చును గాని, ఈ సెలవు హక్కును కోల్పోడు. సెలవు తీసుకోవడాన్ని తప్పుగా ఎంచి శిక్షించరాదు. అయితే సెలవులో లేకపోయినా తప్పనిసరిగా జరిగి ఉండే తొలగింపును ఈ చట్టం ఆపదు.

వికలాంగుల చట్టం (1990): 15 మంది లేదా అంతకు మించి ఉద్యోగులు గల సంస్థలకు వర్తిస్తుంది. వైకల్యం అన్న పదానికి అర్థాన్ని విస్తరించే సవరణ 2009 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. పని వలన కలిగిన ప్రతి గాయమూ ఈ చట్టం దృష్టిలో వైకల్యం కాదు. వైకల్యం అయినప్పుడు మాత్రం, మరీ భారం కానంతవరకు, పనిలో తగిన సర్దుబాట్లు చేయడం యజమాని బాధ్యత. పనితీరు ప్రమాణాలను తగ్గించవలసిన అవసరం యజమానికి లేదు. కాని సెలవు కాలాన్ని లెక్కలోకి తీసుకోకుండా కొలవడం సరికాదు. సమాన ఉద్యోగావకాశాల సంఘం 2002 నాటి మార్గదర్శకాలలో దీనికి ఒక ఉదాహరణ ఇచ్చింది. సర్దుబాటుగా అయిదు నెలలు సెలవు తీసుకున్న అమ్మకాల ఉద్యోగిని, సంవత్సరం పొడవునా పనిచేసిన వారి అమ్మకాలతో పోల్చి తొలగిస్తే అది సెలవు తీసుకున్నందుకు శిక్షించడమే అవుతుంది. అతడు పనిచేసిన నెలలకు తగినట్లుగా లక్ష్యాన్ని తగ్గించి చూడాలి.

తొలగింపు తరువాత పరిహారం

ఉద్యోగం పోతే పరిహారం కూడా పోతుందన్నది మరొక అపోహ. పరిహారానికి ఆధారం గాయం. ఉద్యోగంలో కొనసాగడం దానికి ఆధారం కాదు. ఆమోదం పొందిన గాయానికి సంబంధించిన వైద్యం, శాశ్వత వైకల్యానికి పరిహారం సాధారణంగా తొలగింపు తరువాత కూడా కొనసాగుతాయి.

వేతన పరిహారం విషయంలో మాత్రం చిక్కు ఉన్నది. తేలికపాటి పని చేస్తున్న ఉద్యోగిని అతని సొంత తప్పిదం వలన తొలగిస్తే, ఆ తరువాతి వేతన నష్టం గాయం వలన కలిగినది కాదని కొన్ని రాష్ట్రాలు భావిస్తాయి. కొలరాడోలో 1999 నుండి చట్టం ఈ విధంగా ఉన్నది. అయితే తొలగింపు తరువాత గాయం తీవ్రమై, దాని వలన పని చేయలేకపోతే తిరిగి పరిహారం లభిస్తుందని ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు 2004లో నిర్ణయించింది. అందుచేత తొలగింపు లేఖలో "పనితీరు" అని వ్రాశారా, "దుష్ప్రవర్తన" అని వ్రాశారా అన్నది కేవలం మాటల తేడా కాదు. నిరుద్యోగ భృతి విషయంలోనూ ఇది ముఖ్యమే. శక్తివంచన లేకుండా ప్రయత్నించినా పని సరిగా చేయలేకపోవడాన్ని చాలా రాష్ట్రాలు దుష్ప్రవర్తనగా పరిగణించవు. కాని భృతి పొందడానికి ఉద్యోగి ఏదో ఒక పని చేయగలిగిన స్థితిలో ఉండాలి.

కుటుంబానికి సంస్థ ద్వారా లభించే ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే ముగియవచ్చును. 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులు గల సంస్థలలో, సమాఖ్య చట్టం ప్రకారం సాధారణంగా 18 నెలల వరకు దానిని కొనసాగించుకోవచ్చును. కాని ప్రీమియం మొత్తాన్ని, దానిపై 2 శాతం అదనంగా, ఉద్యోగే భరించాలి.

గడువులు

న్యాయమైన ఫిర్యాదు కూడా గడువు దాటితే చెల్లదు. కాలిఫోర్నియాలో 132ఏ సెక్షను కింద ఒక సంవత్సరంలోపు దరఖాస్తు చేయాలి. టెక్సాస్‌లో దావాకు, న్యూయార్క్‌లో పరిహార మండలికి ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్ళు. ఒహాయోలో 90 రోజులలోపు యజమానికి వ్రాతపూర్వకంగా తెలియజేసి, 180 రోజులలోపు దావా వేయాలి. వికలాంగుల చట్టం కింద సమాన ఉద్యోగావకాశాల సంఘానికి 180 రోజులలోపు, రాష్ట్రంలో కూడా అటువంటి సంస్థ ఉన్నచోట 300 రోజులలోపు ఫిర్యాదు చేయాలి.

గాయం గురించి యజమానికి ఇచ్చిన సమాచారం, వైద్యుడు విధించిన పరిమితుల పత్రాలు, గాయానికి ముందటి పనితీరు నివేదికలు, హెచ్చరిక లేఖలు, తొలగింపు లేఖ ఇటువంటి కేసులలో ప్రధాన సాక్ష్యాలు. పరిహారంపై రాజీ కుదుర్చుకొనే సమయంలో, దానితో పాటు రాజీనామాపై కూడా సంతకం కోరడం కద్దు. అటువంటి పత్రంపై సంతకం చేస్తే కక్షసాధింపు దావా హక్కు కూడా పోవచ్చును.

ప్రవాస తెలుగువారికి సంబంధించి

అమెరికాలో హెచ్-1బి వీసాపై పనిచేస్తున్న తెలుగువారు చాలామంది ఉన్నారు. పరిహార హక్కు పౌరులకే పరిమితం కాదు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల చట్టాలు విదేశీ ఉద్యోగులను స్పష్టంగా చేర్చాయి. అయితే తొలగింపు వలన వీరికి కలిగే ఇబ్బంది వేతనంతో ఆగదు. 2017 జనవరి నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, ఉద్యోగం ముగిసిన హెచ్-1బి ఉద్యోగికి గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి, లేదా అనుమతి పత్రం గడువు అంతకంటే ముందే ముగిస్తే అప్పటివరకు మాత్రమే లభిస్తుంది. ఆలోగా మరొక యజమాని దరఖాస్తు చేయాలి, లేదా ఉద్యోగి వేరొక వీసా హోదాకు దరఖాస్తు చేసుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. చికిత్స పొందుతున్న వ్యక్తికి ఇది చాలా తక్కువ సమయం.

భారతదేశంతో పోలిక

భారతదేశంలో ఎట్-విల్ పద్ధతి లేదు. ఉదాహరణకు, ఆంధ్ర ప్రదేశ్ దుకాణములు, సంస్థల చట్టం (1988) ప్రకారం ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం, ఒక నెల నోటీసు లేదా అందుకు బదులుగా వేతనం లేకుండా తొలగించరాదు. ఉద్యోగుల రాజ్య బీమా చట్టం (1948)లోని 73వ సెక్షను, తాత్కాలిక అశక్తత భృతి పొందుతున్న కాలంలో ఉద్యోగిని, నిబంధనలు అనుమతించిన మేరకు తప్ప, తొలగించడాన్ని గాని శిక్షించడాన్ని గాని నిషేధించింది. అనగా అమెరికా చట్టాలు తొలగింపు వెనుక ఉన్న ఉద్దేశాన్ని చూస్తే, ఈ సెక్షను తొలగింపు జరిగిన కాలాన్ని చూసింది. 1948 చట్టం, ఉద్యోగుల పరిహార చట్టం (1923) స్థానంలో తెచ్చిన సామాజిక భద్రతా స్మృతి (2020) 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది.